ఫోటో వద్దు, అక్షరం పంపండి: చిక్‌పేటలో ఒక గుమస్తా కేసు

వ్యక్తి వయసు 47. సొంతూరు ధర్మవరం దగ్గర పల్లె. ఇరవై ఏళ్ళుగా బెంగళూరు చిక్‌పేటలో ఒక పట్టుచీరల హోల్‌సేల్ అంగట్లో పద్దులు చూస్తున్నారు. కాపురం నగరం తూర్పు వైపున హూడిలో. ఇంట్లో భార్య, పెళ్ళీడుకొచ్చిన కూతురు ఉన్నారు. జబ్బు రెటినైటిస్ పిగ్మెంటోసా, అంటే కంటి లోపలి తెర మెల్లగా దెబ్బతిని చూపు తగ్గిపోయే జన్యు జబ్బు. ఆయనా, అంగడి యజమానీ సరేనన్నాకే ఇది రాస్తున్నాను. పేర్లు వద్దన్నారు కాబట్టి గుమస్తాగారు అనే అంటాను. అంగట్లో అందరూ పిలిచేదీ అలాగే.

చూపు లేనివాళ్ళకీ, తగ్గుతున్నవాళ్ళకీ కంప్యూటరూ ఫోనూ నేర్పడం నా వృత్తి. ఈ కేసులో కొత్త పరికరమంటూ ఏదీ లేదు. వాడినవన్నీ ఉచితంగా దొరికేవో, ఫోన్లో ముందే ఉన్నవో. తెర చదివే ప్రోగ్రాము ఆయనకి తొందరగానే పట్టుబడింది. ఎక్కువ కాలం పట్టింది ఆయనకి చీటీలూ బిల్లులూ నోటీసులూ పంపేవాళ్ళ అలవాటు మార్చడానికి. పని తేలికైందీ అక్కడే. మా రంగంలో నివేదికలన్నీ నేర్చుకునేవాడు ఎంత నేర్చాడన్న దాని చుట్టూ తిరుగుతాయి. పంపేవాడికి ఏం నేర్పామో ఎవరూ రాయరు. అందుకని నేను ఆ సగమే వివరంగా రాస్తాను.

చూపు లెక్క

చిన్నప్పుడే పొద్దుగూకితే కాలవ గట్టున నడవలేకపోయేవారట. రేచీకటి అని ఇంట్లో ఆకుకూరలూ, గుడ్లూ, మేక కాలేయమూ పెట్టారు. విటమిన్ ఏ తక్కువై వచ్చే రేచీకటికి ఆ తిండి పనిచేస్తుంది. ఈ జబ్బుకి పనిచేయదు. ఇందులో మసక వెలుతురులో చూపునిచ్చే రాడ్ కణాలు ముందు దెబ్బతింటాయి. తర్వాత ఏళ్ళ తరబడి చూపు అంచుల నుంచి మధ్యకి ముడుచుకుంటూ వస్తుంది. తల్లిదండ్రులది మేనరికం. జబ్బు జన్యువు రెండు వైపుల నుంచీ వస్తేనే బయటపడే రకాల్లో మేనరికం ప్రమాదాన్ని పెంచుతుంది.

మా దగ్గరికి వచ్చేనాటికి మంచి కన్ను చూపు 6/12. ఆ అంకె ఒక్కటే చూస్తే పెద్ద లోపమే లేదనిపిస్తుంది. కానీ చూపు పరిధి పది డిగ్రీల లోపే మిగిలింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం అక్షరం ఎంత స్పష్టంగా కనిపించినా, పరిధి పది డిగ్రీలకన్నా తగ్గితే అది అంధత్వం కిందికే వస్తుంది. ఈ సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు. "అక్షరం కనిపిస్తా ఉంది గదా, నాకు సర్టిఫికెట్ ఎట్లిస్తారు?" అని అడిగారు. గోడ మీది క్యాలెండర్లో తేదీ చదువుతారు. కాళ్ళ దగ్గరున్న చీరల మూట తన్నుకుని పడతారు. అంగట్లో కుర్రాళ్ళు దాన్ని వేషమనుకున్నారు. పక్క అంగడివాళ్ళు పొద్దున్నే తాగొస్తాడనుకున్నారు.

ఇక్కడ ఒక సంగతి కాస్త విడమర్చి చెప్పాలి, ఎందుకంటే చాలామంది మంచి మనసుతో ఇదే చేస్తారు. యజమాని ఆయన మీద అభిమానంతో పెద్ద మానిటర్ కొనిపెట్టారు. అక్షరాలు బాగా పెద్దవి చేయించారు. ఆయన పని ఇంకా నెమ్మదించింది. శుక్లాలున్నవాళ్ళకీ, దగ్గరచూపు మందగించినవాళ్ళకీ అక్షరం పెద్దదైతే మేలు. పరిధి ముడుచుకున్న కంటికి అది కీడు. ఆయన చూపు ఒక పీపీ గొట్టం. అక్షరం పెంచేకొద్దీ ఆ గొట్టంలో పట్టే అక్షరాలు తగ్గుతాయి. "దేవాంగం వీధి" అన్నది ఒకేసారి కనపడాల్సిన చోట "వాం" ఒక్కటే కనపడుతుంది. మిగతాది తల తిప్పి వెతుక్కోవాలి. పెద్ద మానిటర్ తీసి చిన్నది పెట్టాం. నల్లటి నేపథ్యం మీద తెల్లటి అక్షరం పెట్టాం, మిరుమిట్లు తగ్గుతాయని. అక్షరం సైజు మామూలుకి తెచ్చాం. ఖర్చేమీ లేదు. పెద్ద మానిటర్ ఇప్పుడు అంగట్లో సీసీ కెమెరాలకి వాడుతున్నారు.

సర్టిఫికెట్ దగ్గర ఒక చిక్కొచ్చింది. ఆధార్‌లో అడ్రసు ధర్మవరం. బంధువులు అది మార్చొద్దన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను 2024 జులై నుంచి నెలకి 6,000 అయింది కదా, ఆ అడ్రసు మీదే సర్టిఫికెట్ తీసుకుంటే అదీ వస్తుందని వాళ్ళ లెక్క. ఆయన ఒప్పుకోలేదు. ఉండేది ఇక్కడ, సంపాదించేది ఇక్కడ, అక్కడ పింఛనేందని అడ్రసు మార్పించుకుని బెంగళూరులోనే దరఖాస్తు పెట్టారు. బెంగళూరు తెలుగువాళ్ళలో ఈ బేరం చాలా ఇళ్ళలో నడుస్తుంది. తీర్పు చెప్పడం నా పని కాదు.

పని ఎక్కడ ఆగుతోంది

అంగట్లో ఆయన పక్కన కూర్చుని రోజంతా వచ్చేవన్నీ చూశాను. ధర్మవరం నుంచి మగ్గం యజమానులు వాట్సాప్‌లో పంపే చేతిరాత చీటీల ఫోటోలు. సూరత్ లాంటి చోట్ల నుంచి వచ్చే ఇంగ్లిష్ బిల్లుల స్కాన్లు. అంగడి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్. బ్యాంకు. వీటిలో ఆయన్ని రాత్రి దాకా కూర్చోబెడుతున్నవి మొదటివి. పగలు చదవలేనివన్నీ ఇంటికి తీసుకెళ్ళి కూతురి చేత చదివించుకునేవారు. ఆ అమ్మాయి డిగ్రీ చివరి ఏడాదిలో ఉంది.

ఉద్యోగం పోతుందన్న భయం లోపల ఉంది. అది ఉత్తి భయమేమీ కాదు. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు అని 2016 చట్టం చెప్పేది ప్రభుత్వ సంస్థలకి. చిక్‌పేట అంగడికి అది వర్తించదు. ఇక్కడ ఆయన్ని నిలబెట్టింది యజమాని మాటే: "ఏ నేతగాడు ఎంత బాకీయో ఆయన బుర్రలో ఉంది. కంప్యూటర్లో లేదు."

గొంతు అమర్చడం

కంప్యూటర్లో తెర చదివే ఎన్‌వీడీఏ వేశాం. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే చూపులేని యువకుడు 2006లో మొదలుపెట్టిన ప్రోగ్రామిది, ఇప్పటికీ ఉచితం. దానితోపాటు వచ్చే ఈస్పీక్ గొంతు వింటే మొదట్లో ఎవరికైనా చిరాకే. రేకు డబ్బాలోంచి మాట్లాడినట్టు ఉంటుంది. కానీ వేగం పెంచినా అక్షరం చెదరదు. ఆ గుణమే పద్దులు చూసేవాడికి కావాలి. ఈస్పీక్‌లో భారతీయ భాషల ఉచ్చారణ బాగుచేయడానికి బెంగళూరులోనే ఉన్న సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ పనిచేసింది. తెలుగూ అందులో ఉంది. ఫోన్లో తెర చదివే టాక్‌బ్యాక్, దానికి కాస్త మనిషి గొంతులా వినిపించే తెలుగు పెట్టాం.

అంకెల దగ్గర చిన్న పని చేయాల్సొచ్చింది. గొంతు "పన్నెండు లక్షల యాభై వేలు" అని గబగబా చదివేస్తే సరిచూసుకోవడం కష్టం. ఎన్‌వీడీఏలో ఉచ్చారణ డిక్షనరీ ఉంటుంది. అంకె వెంటనే అంకె వస్తే మధ్యలో ఖాళీ ఉన్నట్టు చదవమని అందులో ఒక్క లైను రాశాం. ఇప్పుడు ఒకటి, రెండు, ఐదు, సున్నా అని విడివిడిగా వస్తుంది. మొత్తంగా వినాలనుకున్నప్పుడు ఆ లైను ఆపేస్తారు. పద్దుల పనిలో ఉన్నవాళ్ళెవరికైనా నేను మొట్టమొదట ఇదే చేసిపెడతాను.

చిక్‌పేట హోరులో మామూలు ఇయర్‌ఫోన్ రెండు చెవుల్లో పెట్టుకుంటే గిరాకీ మాట వినపడదు, బండి హారనూ వినపడదు. చెంప ఎముక ద్వారా శబ్దం పంపే హెడ్‌ఫోన్ కొన్నాం. చెవులు ఖాళీగానే ఉంటాయి. మొత్తం కేసులో చెప్పుకోదగ్గ ఖర్చు ఇదొక్కటే. యజమాని భరించారు.

బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ లొంగలేదు. దాని తెర మీద కనపడే అక్షరాలు ప్రోగ్రాము దృష్టిలో అక్షరాలు కావు, గీసిన బొమ్మ. ఎన్‌వీడీఏకి చదవడానికి ఏమీ అందదు. అందుకని పద్దులన్నీ ముందు ఎక్సెల్‌లో రాసి, సాయంత్రం అక్కడి నుంచి సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించే దారి పట్టాం. ఎక్సెల్‌లో ఆయన చెయ్యి ఇప్పుడు నాకన్నా వేగం.

ధర్మవరం చీటీలు

తెలుగు అచ్చుని యంత్రం చేత చదివించడం ఈమధ్య బాగానే కుదురుతోంది. చేతిరాత వేరే సంగతి. అందులోనూ నేతవాళ్ళ చీటీ అంటే సిగరెట్ పెట్టె అట్ట వెనక, మడత మీద, జరీ ధూళి అంటుకున్న బాల్ పెన్నుతో రాసింది. నాలుగు యాప్‌లతో ప్రయత్నించి అది కుదిరే పని కాదని తేల్చాం. చదివించడం కుదరకపోతే రాయించడమే మానిపించాలి. వాళ్ళని గొంతుతో చెప్పమందాం అనుకున్నాం.

గుమస్తాగారే ఒక్కొక్కరికీ ఫోన్ చేశారు. తనకి చూపు తగ్గిందని చెప్పడం ఇష్టంలేక, ఫోను పాతదైపోయింది, ఫోటోలు తెరుచుకోవడం లేదు అన్నారు. నేను పక్కనే ఉన్నాను. అడ్డు చెప్పలేదు. చెప్పాలో వద్దో తేల్చుకోవాల్సింది ఆయన. అవతలి నుంచి ఒక పెద్దాయన, "ఏమప్పా, ఇన్నాళ్ళూ ఫోటో పంపితే చూసుకుంటివి గదా!" అని కాసేపు సణిగి, "సరేలే, నాకూ ఈ గుంత మగ్గంలో కూచోని కూచోని కండ్లు పోయినాయి. రాసేదానికన్నా చెప్పేదే మేలు" అన్నారు. అక్కడి నుంచి దారి తేలికైంది. ఆ పెద్దాయనది ఊళ్ళో పదిమంది వినే మాట.

వాయిస్ మెసేజ్ మొదలుపెట్టగానే తేలిన ఇబ్బంది ఇరవై, అరవై. మగ్గాల చప్పుడు మధ్య రికార్డు చేసిన మెసేజ్‌లో ఈ రెండింటికీ తేడా పట్టడం ఎవరి తరమూ కాదు. చీరల లెక్కలో అది చిన్న తేడా కాదు. వాళ్ళతో మాట్లాడి ఒక పద్ధతి పెట్టాం. ముందు పేరు, తర్వాత రకం, చీరల సంఖ్య, ధర, మొత్తం. సంఖ్య ఏదైనా మొదట మామూలుగా చెప్పి, వెంటనే అంకెలుగా చెప్పాలి: "అరవై నాలుగు, ఆరు నాలుగు." ఒక్కో లాటుకి ఒక్కో మెసేజ్. రెండు లాట్లు ఒకే మెసేజ్‌లో చెప్తే వెనక్కి వెళ్ళి వెతుక్కోవడం ప్రాణం మీదికొస్తుంది. చీటీ ఫోటో కూడా తర్వాత పంపమన్నాం, సాక్ష్యానికి. సాయంత్రం అంగట్లో కుర్రాడు ఫోటోలు పట్టుకుని చదువుతుంటే గుమస్తాగారు ఎక్సెల్‌లో సరిచూస్తారు.

వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌ని రెట్టింపు వేగంతో వినొచ్చు. నేతవాళ్ళు నిదానంగా, బాగోగులు అడుగుతూ చెప్పే మెసేజ్‌లకి అది వరమే. ఒకాయన లెక్క చెప్పే ముందు ప్రతిసారీ వాన సంగతి చెప్తాడు. దాన్ని ఆపమనడానికి గుమస్తాగారికి మనసొప్పలేదు.

అందరూ మారలేదు. ఇద్దరు ముగ్గురు ఇప్పటికీ ఫోటోలే పంపుతారు. అవి కుర్రాడు చదివిపెడతాడు. ఒక ఇంట్లో ఇంటర్ చదివే అమ్మాయి తండ్రి చెప్తుంటే తెలుగులోనే టైపు చేసి పంపుతుంది. అన్నిటిలోకీ మేలైనవి అవి. నేరుగా ఎక్సెల్‌లోకి వస్తాయి. సూరత్ బిల్లుల సంగతి ఇంకా సులువుగా తేలింది. బిల్లు ప్రింటు తీసి, స్కాన్ చేసి, పంపుతున్నారు. మా వైపు దాన్ని యంత్రం చేత చదివిస్తే నిలువు గడులు కలిసిపోయి ధర పక్కన రావాల్సిన సంఖ్య కింది లైన్లోకి జారుతోంది. సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చిన పీడీఎఫ్‌నే నేరుగా పంపండి అని యజమాని ఒక్క ఫోన్ చేశారు. వాళ్ళకీ ఒక పని తప్పింది. కూతురి దగ్గరికి చీటీలు వెళ్ళడం ఆగిపోయింది.

ఉగాది సంచిక, అందులో సున్నా

హూడి పక్కన తెలుగువాళ్ళ సంఘం ఒకటి ఉంది. ఏటా ఉగాదికి ఒక సంచిక వేస్తారు. కథలు, కవితలు, ఎవరింట్లో ఎవరికి సీటొచ్చిందో ఫోటోలు, చివర్లో రియల్ ఎస్టేట్ ప్రకటనలు. గుమస్తాగారికి ఆ సంచిక మీద మమకారం. ఫోన్లో పీడీఎఫ్ తెరిస్తే గొంతు ఇంగ్లిష్ అక్షరాలూ, కామాలూ, డాలరు గుర్తులూ కలగలిపి వినిపించింది. ఫోను పాడైందనుకున్నారు.

ఫోను బాగానే ఉంది. సంచిక పేజ్‌మేకర్ అనే పేజీలు కట్టే పాత ప్రోగ్రాములో, అను అనే పాత రకం తెలుగు ఫాంట్లతో కట్టింది. ఆ పద్ధతిలో తెలుగు అక్షరానికి సొంత సంకేతం ఉండదు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలు కూర్చోబెడతారు. కంటికి "అమ్మ" కనపడుతుంది, లోపల ఉండేది ఏవో ఇంగ్లిష్ గుర్తులు. ప్రతి భాష అక్షరానికీ సొంత సంకేతమిచ్చే యూనికోడ్‌లో తెలుగుకి సొంత స్థానాలు 1991లో వచ్చిన మొదటి వెర్షన్‌లోనే ఉన్నాయి. విండోస్ ఎక్స్‌పీతో 2001లో గౌతమి ఫాంటు వచ్చింది. అదే ఏడాది వచ్చిన ఏడో వెర్షన్‌తో పేజ్‌మేకర్ ఆగిపోయింది, దానికి యూనికోడ్ తెలియదు. అయినా మన అచ్చు ప్రపంచంలో పెద్ద భాగం ఇప్పటికీ అక్కడే ఉంది. అందుకే తెలుగులో లక్షల పేజీలు కంప్యూటర్లో ఉన్నాయి, వెతికితే దొరకవు, వింటే అర్థం కావు.

సంఘంవాళ్ళు మంచివాళ్ళే. అడగ్గానే చేద్దామన్నారు. మొండికేసింది డీటీపీ ఆపరేటర్. ఆయన్ని తప్పుపట్టలేను. పాతికేళ్ళుగా వేళ్ళకి అలవాటైన ఆపిల్ అనే తెలుగు మీటల అమరిక వదిలేసి, ఇన్‌స్క్రిప్ట్ అనే ఇంకో అమరిక నేర్చుకోమంటే ఎవరు నేర్చుకుంటారు? పైగా యూనికోడ్‌లో అందమైన ఫాంట్లు లేవన్నది ఆయన ఫిర్యాదు. రెండోదానికి జవాబు సులభం. గిడుగు, సూరన్న, రామభద్ర, మల్లన్న, తిమ్మన లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. కంప్యూటర్లో వేసి చూపించాం. రామభద్రని శీర్షికలకి పెట్టి చూసుకుని కాస్త మెత్తబడ్డారు. మొదటిదాని జోలికి మేం పోలేదు. ఆయన అలవాటు ప్రకారమే అనులో టైపు చేస్తారు. చివర్లో కన్వర్టర్‌లో వేసి యూనికోడ్‌లోకి మార్చి, ఇన్‌డిజైన్‌లో పేజీలు కడతారు.

కన్వర్టర్ ఎంత మంచిదైనా తప్పులుంటాయి. క్రావడి ఒక అక్షరం పక్కకి జరుగుతుంది, ఒత్తు రెండుసార్లు పడుతుంది, దీర్ఘం ఎగిరిపోతుంది. సంఘంలో ఇద్దరు తెలుగు టీచర్లు ప్రూఫులు చూశారు. తర్వాత పేజీలు గుమస్తాగారికి పంపారు, ఊరికే చదువుకుంటారని. ఆయన గంటలోపే ఫోన్ చేసి, "మేడమ్, బండి అని ఉండాల్సిన చోట బ సున్నా డి అని చదువుతా ఉంది" అన్నారు.

పేజీ తెరిచి చూశాను. తప్పేమీ కనపడలేదు. "బ౦డి" అనే ఉంది. అక్షరాన్ని ఒక్కొక్కటిగా విడదీసి చూస్తే తెలిసింది, అందులో ఉన్నది పూర్ణానుస్వారం కాదు, తెలుగు అంకె సున్నా. రెండూ అదే గుండ్రం. కొందరు రచయితలు పాత సంచికల పేజీలని ఫోన్తో స్కాన్ చేసి అక్షరాలుగా మార్చి పంపారు. ఆ యంత్రానికి అనుస్వారం, అంకె సున్నా, ఇంగ్లిష్ ఓ అన్నీ ఒకటే. ఇంకోచోట ఇంగ్లిష్ ఓ దొరికింది. ఇంకోచోట ఐత్వం రెండు ముక్కలుగా పడింది, కంటికి మామూలుగానే ఉంది. టీచర్లిద్దరికీ ఇవి కనపడవు, నాకూ కనపడవు. ఎంత శ్రద్ధగా చూసినా కనపడవు. వెతుకులాటలో "బండి" అని కొడితే మాత్రం ఆ పేజీ ఎప్పటికీ దొరకదు.

అప్పటి నుంచి చివరి ప్రూఫు ఆయనదే. గొంతు తడబడిన చోట గుర్తు పెడతారు, టీచర్లు వెళ్ళి సరిచేస్తారు. సంచికలో సహాయ సంపాదకుల వరుసలో ఆయన పేరు అచ్చైంది. చూపు తగ్గాక ఆయనకి దక్కిన కొత్త పని ఇదొక్కటే. మొహమాటానికి ఇచ్చింది కాదు, ఆ పని అక్కడ ఇంకెవరూ చేయలేరు.

పాత సంచికల్ని కూడా మార్చాలనుకున్నప్పుడు కాపీరైటు ప్రశ్న వచ్చింది, రాసినవాళ్ళలో కొందరు లేరు కదా అని. 2012లో కాపీరైటు చట్టానికి తెచ్చిన సవరణ దీనికి దారి ఇచ్చింది. వైకల్యమున్నవాళ్ళు చదువుకోవడానికి, లాభాపేక్ష లేకుండా, అనువైన రూపంలోకి మార్చుకోవచ్చు. చూపులేనివాళ్ళకి పుస్తకాలు అందించే మర్రకేష్ ఒప్పందాన్ని ప్రపంచంలో మొదట ఆమోదించిన దేశం మనదే, 2014లో. సంఘం కార్యదర్శి వృత్తిరీత్యా లాయరు. చట్టం సెక్షను చదివి వినిపించాక ఇంకెవరూ మాట్లాడలేదు. బెంగళూరులో ఉన్నవాళ్ళకి ఇంకో మాట: 1990 నుంచి పనిచేస్తున్న మిత్రజ్యోతి మాట్లాడే పుస్తకాలు తయారుచేస్తుంది, దేశమంతటికీ సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం ఉంది. తెలుగు పుస్తకాలు ఇంకా రావాలి.

అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపు సంగతి క్లుప్తంగా. నీళ్ళ ట్యాంకర్, కరెంటు కోత, లిఫ్టు మరమ్మతు అన్నీ రంగురంగుల పోస్టర్లుగా వచ్చేవి. పోస్టరు మానేయమనలేదు, దానిలోని మాటలే కింద టైపు చేయమన్నాం. కన్నడంలో వచ్చే నోటీసులు ఇంకో రకం ఇబ్బంది. ఆయన ఫోన్లోని తెలుగు గొంతు కన్నడ అక్షరం రాగానే చప్పుడు చేయకుండా దాటేసేది. తప్పు చదివితే తప్పని తెలుస్తుంది. దాటేస్తే అక్కడొక నోటీసు ఉన్న సంగతే తెలియదు. టాక్‌బ్యాక్‌లో భాష మార్చే సదుపాయాన్ని వేలి కదలికకి కట్టిపెట్టాం. కన్నడం ఆయనకి వింటే బాగా వచ్చు.

నోట్లు, మెట్లు, కర్ర

నగదు ఆయన చేతిలోకి తరచుగానే వస్తుంది. నోటు గుర్తుపట్టడానికి రిజర్వ్ బ్యాంకు 2020 జనవరిలో విడుదల చేసిన మణి యాప్ ఉంది. గిరాకీ ఎదురుగా నిలబడి ఉండగా ఒక్కో నోటూ కెమెరాకి చూపించడం కుదరదన్నారు. కొత్త నోట్లలో వంద, రెండు వందలు, ఐదు వందలు మూడింటి వెడల్పూ 66 మిల్లీమీటర్లే. పొడవులు 142, 146, 150. నాలుగు మిల్లీమీటర్ల తేడా వేళ్ళకి నేరుగా అందదు. అంచుల్లో ఉబ్బెత్తు గీతలుంటాయి కానీ చేతులు మారిన నోటుకి అవి అరిగిపోతాయి. అంగట్లో కుర్రాడు చీరల అట్టపెట్టె ముక్క కోసి, మూడు మెట్లుగా కత్తిరించి ఇచ్చాడు. నోటు ఒక అంచు ఆనిస్తే రెండో అంచు ఏ మెట్టు మీద ఆగిందో వేలికి తెలుస్తుంది. గల్లాపెట్టెలో ఇప్పటికీ అదే ఉంది.

గోడౌన్ మెట్ల అంచులకి పసుపు టేపు అంటించాం, ట్యూబ్‌లైటు ఇంకొకటి వేయించాం.

రాకపోకలు మెట్రోలోనే. 2023 అక్టోబరులో కె.ఆర్. పురం, బయ్యప్పనహళ్ళి మధ్య పర్పుల్ లైను కలిశాక హూడిలో ఎక్కి మెజెస్టిక్‌లో దిగొచ్చు. అక్కడ గ్రీన్ లైను మారితే తర్వాతి స్టేషనే చిక్‌పేట. స్టేషన్ లోపల పసుపు పలకలు ఆయనలాంటి చూపుకి రెండు విధాలుగా పనికొస్తాయి. కాలికి తగులుతాయి, రంగు కంటికీ అందుతుంది. గీతలుంటే నడవమని, చుక్కలుంటే ఆగమని. స్టేషన్ దాటి బయటికొచ్చాక తోపుడు బండ్లు, మూటలు, హమాలీలు. ధ్వని తరంగాలతో అడ్డం పసిగట్టి వణికే కర్ర ఒకటి అరువు తెచ్చి ఇచ్చాను. ఆ జనంలో అది ఆగకుండా వణుకుతూనే ఉంది. మామూలు మడత కర్రే నయమన్నారు.

ఆ కర్రకి ఒప్పుకోవడానికే ఎక్కువ కాలం పట్టింది. కారణం కూతురి పెళ్ళి. నాన్న చేతిలో తెల్ల కర్ర కనపడితే సంబంధాలు రావని భార్య భయం. జన్యు సలహాదారు దగ్గరికి పంపాం. వీళ్ళ ఇంట్లో ఉన్న రకంలో కూతురు ఆ జన్యువుని మోస్తుంది, ఆమెకి జబ్బు రాలేదు, చేసుకోబోయేవాడిలో కూడా అదే లోపముంటేనే పిల్లలకి వచ్చే అవకాశం, అందుకని దగ్గరి బంధువుల్లో ఇవ్వొద్దు అని వివరంగా చెప్పారు. ఆ ఇంట్లో మేనమామ కొడుకు సంబంధం అప్పటికే మాటల్లో ఉంది. అది ఆగింది. దాని మీద రెండు కుటుంబాల మధ్య జరిగిందంతా ఇక్కడ రాసేది కాదు.

కర్ర ఇప్పుడు చిక్‌పేటలో తెరుస్తారు, మెట్రోలో తెరుస్తారు. హూడిలో దిగేముందు మడిచి సంచిలో పెట్టేస్తారు. మలుపుల్లో ఇబ్బంది పడుతున్నారని తెలుసు. బలవంతపెట్టలేదు.

బ్యాంకు

ఆయన జీతం ఖాతాకి కేవైసీ మళ్ళీ చేయాల్సొచ్చింది. ఆ బ్యాంకు యాప్ తెర మీద కోడిగుడ్డు ఆకారం గీసి, మొహం అందులో పెట్టి కళ్ళు ఆర్పమంటుంది. ఎటు జరగాలో మాటల్లో చెప్పదు. గడువు అయిపోయి ప్రతిసారీ మొదటికొచ్చేది. ఇలాంటిదాని మీదే 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. యాసిడ్ దాడి వల్ల కళ్ళు ఆర్పలేని ప్రజ్ఞా ప్రసూన్, చూపులేని న్యాయవాది అమర్ జైన్ వేసిన కేసులవి. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని చెప్పి కోర్టు 20 ఆదేశాలిచ్చింది. మనిషి ఎదురుగా ఉన్నాడని తేల్చుకోవడానికి కళ్ళు ఆర్పడం ఒక్కటే దారి కాకూడదన్నది వాటిలో ఒకటి. తీర్పు తేదీ, కేసు పేరు రాసి బ్రాంచికి అర్జీ ఇచ్చాం. మేనేజర్ పిలిపించి కాగితాల మీద పూర్తిచేశారు. యాప్ మాత్రం అలాగే ఉంది. ఆయన ఒక్కడి పని అయితే అయింది గానీ, తర్వాతి మనిషి కూడా ఇలాగే అర్జీ పట్టుకుని వెళ్ళాల్సిందే.

ఇప్పటి స్థితి

ఈ రాత నాటికి చూపు పరిధి ఇంకొంచెం తగ్గింది. పనిలో తేడా రాలేదు, ఎందుకంటే చదివే పని అప్పటికే చెవి మీదికి మారిపోయింది. అంగడి తలుపు వేసేలోగా ఆనాటి పద్దులు పూర్తవుతున్నాయి. ముహూర్తాల సీజన్లో లాట్లు రెట్టింపై వాయిస్ మెసేజ్‌లు పేరుకుపోయినప్పుడు మాత్రం కుర్రాడు పక్కన కూర్చోవాల్సి వస్తుంది.

బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కంపెనీకి యజమాని చేత రెండుసార్లు రాయించాం. వచ్చే వెర్షన్లో చూస్తామన్నారు. తర్వాత జవాబు లేదు. ఎక్సెల్ దారి కొనసాగుతోంది. బ్రెయిల్ నేర్చుకుందామని అడిగితే, ఈ వయసులో వేళ్ళు తిరగవన్నారు. చీరల రకాల పెట్టెలకి మాత్రం చుక్కల గుర్తులు అంటించమన్నారు. కోరా, బ్రోకేడ్, బుటా, ప్లెయిన్ నాలుగింటి గుర్తులూ వేలికి అందుతున్నాయి. వచ్చే నెల నుంచి ఖాతాదార్ల ఫైళ్ళకి కూడా అదే పద్ధతి పెడుతున్నాం, ఆ చుక్కలు పొడిచేది కుర్రాడు.